థార్‌కు 33 అంగుళాల టైర్లు వేశాక స్టెప్నీని ఎక్కడ మోయాలి?

మీరు నల్లగొండలో ఉంటారు. మూడు తలుపుల మహీంద్రా థార్‌కు కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18 టైర్లు తీసేసి, 17 అంగుళాల రిమ్ములతో దాదాపు 33 అంగుళాల ఎత్తుండే 285/70 టైర్లు నాలుగు వేయించారు. వెనక తలుపుకు పాత స్టెప్నీయే ఉంది. ఐదో పెద్ద టైరు కొనాలా, కొంటే తలుపు ఆ బరువు మోస్తుందా, పైకప్పు మీద పెట్టుకోవచ్చా, అసలు పంక్చర్ కిట్టుతో సరిపెట్టుకోలేమా అన్నది మీ ప్రశ్న.

ఐదో టైరు కొనండి. మిగతా నాలుగింటి సైజుదే కొనండి. దాని బరువు తలుపు మీద కాకుండా ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద పడేలా బిగించుకోండి. అంత ఖర్చు వద్దనుకుంటే టైరు సైజే తగ్గించుకోవడం మంచిది. నాది అచ్చంపేట. అదే బండి, అదే సైజు టైర్లతో దేవరకొండ, చందంపేట, కొల్లాపూర్ వైపు తిరుగుతుంటాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ముందు కిట్టు సంగతి చూద్దాం. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, మరమ్మతు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. హైదరాబాదులో ఆఫీసుకు వెళ్ళి వచ్చే బండికి అది సరిపోతుంది. మన నేల వేరు. తుమ్మ ముల్లు దిగితే కిట్టు చాలు, పది నిమిషాల పని. కానీ పత్తి ఏరడం పూర్తయ్యాక కట్టె నరికిన చేను గట్టు వెంట ఎప్పుడైనా బండి నడిపారా? ఏటవాలుగా తెగిన పత్తి మోళ్ళు జానెడు ఎత్తున నిలబడి ఉంటాయి. ఎండాకాలానికి అవి మేకుల్లా గట్టిపడతాయి. ట్రాక్టరు నడిపేవాళ్ళు ఆ చేలలోకి దిగే ముందు మోళ్ళు ఏ దిక్కుకు వంగి ఉన్నాయో చూసి, ఆ వాలునే పోతారు. మోడు టైరు అడుగున గుచ్చుకుంటే సమస్య లేదు, పక్క గోడలో గుచ్చుకుంటేనే చిక్కు. సాగర్ వెనక జలాల ఒడ్డున వైజాగ్ కాలనీ వైపు రాళ్ళు కూడా అంతే. పలకలుగా విరిగి, అంచులు పదునుగా ఉంటాయి. గాలి తగ్గించి నడిపేటప్పుడు టైరు పక్క గోడ బయటికి ఉబ్బి, సరిగ్గా ఆ అంచుకే రాసుకుంటుంది. పక్క గోడ చీలితే ఏ కిట్టూ పనిచేయదు. అక్కడ పనికొచ్చేది స్టెప్నీ ఒక్కటే.

శ్రీశైలం రోడ్డు మీద ఇంకో ఇబ్బంది ఉంది. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. సాయంత్రం టైరు పోయి ఆలస్యమైతే ఆ రాత్రి గేటుకు ఇవతలే గడపాలి.

ఇక మీ పాత స్టెప్నీ. 255/65 ఆర్18 ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. 285/70 ఆర్17 ఎత్తు 831. తేడా 42 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి పెద్ద టైరు 13 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోతుంది. తారు రోడ్డు మీద 2హెచ్‌లో, అంటే వెనక చక్రాలకే ఇంజిను బలం అందేలా ఉన్నంతసేపు, ఈ తేడాను డిఫరెన్షియల్ (చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) సర్దుకుంటుంది. థార్‌లో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం) వేయగానే ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే వేగంతో తిరగాలి. సైజు తేడా ఉన్న చక్రం ఒకవైపు ఉంటే ఆ బిగువంతా గేర్లలో, షాఫ్టుల్లో పేరుకుంటుంది. రేగడి బురదలో చక్రం కాస్త జారి ఆ బిగువు వదిలిపోతుంది. రాతి నేల మీద, తారు మీద వదలదు. అంటే స్టెప్నీ అవసరమైన చోటే ఫోర్ వీల్ డ్రైవు చేతిలో లేకుండా పోతుంది.

కొత్త టైరు కొనేదాకా పాతదానితోనే నడపాల్సి వస్తే ఒక జాగ్రత్త తీసుకోండి. వెనక టైరు పోయినా సరే, చిన్న టైరును వెనక వేయకండి. ముందు చక్రాన్ని తీసి వెనకకు వేసి, చిన్నదాన్ని ముందు బిగించండి. రెండుసార్లు జాకీ ఎత్తాలి, నిజమే. కానీ వెనక ఇరుసు ఇంజిను బలాన్ని మోస్తుంది కాబట్టి అక్కడి రెండు టైర్లూ ఒకే సైజులో ఉండాలి. మీ బండికి వెనక లాకింగ్ డిఫరెన్షియల్ (అవసరమైనప్పుడు రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పేది) ఉంటే ఇది ఇంకా ముఖ్యం. అప్పుడు 2హెచ్‌లోనే ఉంచి, నెమ్మదిగా టైరు షాపు దాకా వెళ్ళండి.

అసలు విషయం తలుపు. మా ఊళ్ళో ఎరువుల దుకాణం కాంటా మీద రెండు స్టెప్నీలనూ తూచి చూశాను. కంపెనీది 30 కిలోలకు అటూ ఇటూ ఉంది. మడ్ టైరు, ఇనుప రిమ్ము కలిసి 40 దాటింది. పది కిలోలే పెరిగింది కదా, ఒక బియ్యం సంచి బరువు కూడా లేదు కదా అంటారు చాలామంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ లెక్క సరే. చక్రం గుంటలో పడి లేచేటప్పుడు ఆ 40 కిలోలు 40 కిలోలుగా ఉండవు, కుదుపును బట్టి రెండింతలు, మూడింతలు అవుతాయి. ఆ బరువంతా పక్కకు తెరుచుకునే తలుపు చివర వేలాడుతూ, తలుపును ఫ్రేముకు పట్టి ఉంచే రెండు కబ్జాలను కిందికి, బయటికి లాగుతుంది. కంపెనీవాళ్ళు ఆ కబ్జాలను తమ టైరు బరువుకు లెక్కవేసి పెట్టారు.

బరువు ఒక్కటే కాదు, దూరం కూడా పెరుగుతుంది. మీ కొత్త టైరు పాతదానికంటే 30 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు. బయటి కంపెనీల రిమ్ముల్లో లోపలి లోతు తరచూ వేరుగా ఉంటుంది. దానివల్ల రిమ్ము బ్రాకెట్టుకు ఆనకముందే టైరు తలుపు రేకుకు తగులుతుంది. అప్పుడు మధ్యలో స్పేసర్ అనే మందపాటి బిళ్ళ వేసి బయటికి జరుపుతారు. జరిపిన ప్రతి అంగుళమూ కబ్జా మీద లాగుడును పెంచుతుంది. సగం వ్యాసం లెక్కన టైరు కింది అంచు కూడా 21 మిల్లీమీటర్లు దిగుతుంది కాబట్టి బంపరుకు తగులుతుందేమో కొలుచుకోవాలి. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. తలుపు మీద ఉండే రబ్బరు దిమ్మెలకు టైరు గట్టిగా ఒత్తుకొని ఉండాలి. వాటికీ టైరుకూ మధ్య వేలు పట్టే సందు ఉన్నా టైరు ఊగుతుంది. ఊగే బరువు, నిలకడగా ఉన్న బరువు కంటే చాలా త్వరగా రేకును చీలుస్తుంది.

మా బావమరిది బండి వెనక తలుపును దగ్గర నుంచి చూశాను. మూసినప్పుడు ఏ తేడా కనిపించలేదు. తెరిచి చూస్తే, గొళ్ళెం పడే ఇనుప కొండీ పైభాగంలో రంగు పోయి, వేలి గోరంత మేర లోహం మెరుస్తోంది. తలుపు కొద్దిగా వాలి, మూసిన ప్రతిసారీ గొళ్ళెం దాని మీదికి ఎక్కి కూర్చుంటోందన్నమాట. కింది మూలలో రబ్బరు బీడింగు దగ్గర ఎర్రటి చెలక దుమ్ము గీతలా పేరుకుంది. పై కబ్జా బోల్టు చుట్టూ రంగు వెంట్రుకలా చిట్లి ఉంది. ఈ మూడు గుర్తుల్లో ఏది కనిపించినా ఆ తలుపు మీద నుంచి టైరు దించేయాల్సిందే. మీరూ చూసుకోండి. తలుపును జానెడు తెరిచి, గొళ్ళెం వైపు అంచును రెండు చేతులతో పైకి ఎత్తండి. టకటకమని ఆడితే కబ్జా లూజు అయినట్టే.

మార్కెట్టులో తలుపుకు బిగించే బలపరిచే పట్టీలు కూడా దొరుకుతాయి. అవి బరువును రేకు మొత్తానికి పంచి, కబ్జాలకు కాస్త ఊతమిస్తాయి. 265/70 ఆర్17 లాంటి సైజు వరకు, ఎక్కువగా రోడ్డు మీదే తిరిగేవాళ్ళకు అవి చాలు. మీ సైజుకు, మీరు వెళ్ళే దారులకు నేను వాటిని నమ్మను.

నేను వాడేది వెనక బంపరుతో కలిసిన స్వింగ్ క్యారియర్. టైరు ఒక ఇనుప చేయి మీద ఉంటుంది. ఆ చేయి బంపరు మూలలో నిలువు ఇరుసు మీద పక్కకు తిరుగుతుంది. బరువంతా బంపరు నుంచి ఛాసిస్‌కు పోతుంది. తలుపు తేలికైపోయి చిటికెన వేలితో తెరుచుకుంటుంది. కాకపోతే ముందు క్యారియర్, తర్వాత తలుపు తెరవాలి. సంతలో కూరగాయల సంచులు చేత్తో పట్టుకొని ఉన్నప్పుడు విసుగే, అయినా అలవాటవుతుంది.

దీన్ని చేయించుకునేటప్పుడు కొన్ని పట్టుదలగా అడగండి. ఛాసిస్‌కు వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ వేడికి ఛాసిస్ ఇనుము గుణం మారి, వెల్డింగు పక్కనే పగుళ్ళు మొదలవుతాయి. ఉన్న రంధ్రాల్లోనే 8.8 గ్రేడు బోల్టులతో బిగించాలి. నిలువు ఇరుసులో ఉత్త బుష్ కాకుండా టేపర్ రోలర్ బేరింగులు ఉండాలి. గ్రీసు ఎక్కించే నిప్పిల్, బురద చొరబడకుండా సీలు కూడా ఉండాలి. మూసినప్పుడు చేయి చివర ఒక దిమ్మె మీదికి ఎక్కి కూర్చోవాలి, లేకపోతే ఆ కొస గాలిలో ఊగుతుంది. గొళ్ళెంతో పాటు విడిగా ఒక పిన్ను తప్పనిసరి. తెరిచినప్పుడు ఆగేలా మరో లాకు ఉండాలి. ఇది అందరూ మరిచిపోయేది. వాలులో బండి ఆపి తెరిస్తే టైరూ చేయీ కలిసిన బరువు వెనక్కి విసురుగా వచ్చి, సామాను తీసుకుంటున్న మనిషి నడుముకు తగులుతుంది. చిన్నపిల్లలు వెంట ఉంటే ఈ లాకు లేని క్యారియర్ వైపు చూడకండి.

దీని నష్టం కూడా చెబుతాను. టైరు 40 కిలోలు, చేయి, బంపరు కలిపి అదనంగా 35 కిలోలు అనుకుందాం. ఈ 75 కిలోలూ వెనక ఇరుసుకు మీటరు వెనక వేలాడుతున్నాయి. థార్ చక్రాల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే ముందు ఇరుసు మీద సుమారు 30 కిలోల బరువు తగ్గి, వెనక 105 కిలోలు పెరుగుతుంది. నిటారు గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాల పట్టు తగ్గినట్టు నాకు తెలుస్తుంది. వెనక స్ప్రింగులు కాస్త దిగుతాయి. అందుకే సామానంతా వెనకే పేర్చకుండా, నీళ్ళ క్యాన్లను ముందు సీట్ల వెనకాల పెడతాను. టైరును మరీ కిందికి బిగిస్తే వాగు గట్టు దిగి ఎక్కేటప్పుడు నేలకు రాసుకుంటుంది. మరీ పైకి బిగిస్తే వెనక అద్దంలో ఏమీ కనిపించదు. అద్దంలో సగం రోడ్డు కనిపించే ఎత్తు చూసుకోండి.

పైకప్పు వద్దు. గుడ్డ టాపు అయితే ఆ ఊసే లేదు. గట్టి టాపు అయినా, క్యారియర్ బరువు కూడా కలుపుకొని మాన్యువల్‌లో పైకప్పుకు రాసిన పరిమితి చూడండి. పక్కకు వాలిన దారిలో అంత ఎత్తున 40 కిలోలుంటే బండి ముందే తూలుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని తల మీదుగా దించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. బండి లోపల పెడితే వెనక సీటు పోతుంది. నలుగురు వెళ్ళని రోజుల్లో అది పనికొస్తుంది గానీ, రాచెట్ బెల్టులతో నేల కొక్కేలకు కట్టకుండా మాత్రం పెట్టకండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. సైజు ఇంత పెంచినప్పుడు తనిఖీలో ప్రశ్న రావచ్చు, బీమా క్లెయిములో పేచీ రావచ్చు. బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దాచుకోండి. నంబరు ప్లేటు, బ్రేకు లైట్లు టైరు చాటున పడకుండా చూడండి. స్పీడోమీటరు కూడా ఇప్పుడు తక్కువ చూపిస్తుంది. అది 80 అంటే మీరు 84లో ఉన్నారు.

ఐదో టైరు వచ్చాక దాన్ని అలంకారంలా వేలాడదీయకండి. పాలమూరు, నల్లగొండ ఎండకు వాడని టైరు రబ్బరు కూడా పగుళ్ళిస్తుంది. కవరు తొడగండి. టైర్ల చోట్లు మార్చి వేయించే ప్రతిసారీ ఐదింటినీ తిప్పండి, అప్పుడు అరుగుదల సమానంగా ఉండి సైజు తేడా రాదు. కొనేటప్పుడు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైనది. గాలి మిగతా వాటికంటే నాలుగైదు పౌండ్లు ఎక్కువ పెట్టుకుంటే మంచిది, అవసరమైనప్పుడు తగ్గించుకోవచ్చు.

జాకీ కూడా ఒకసారి పరీక్షించండి. కంపెనీ జాకీ పాత టైరు ఎత్తుకు లెక్కవేసినది. ఇప్పుడు ఇరుసు 21 మిల్లీమీటర్లు పైకి జరిగింది, సస్పెన్షన్ కూడా ఎత్తించి ఉంటే ఇంకా ఎక్కువ. ఇంటి దగ్గరే చక్రం ఎత్తి, పెద్ద టైరు దూరుతుందో లేదో చూసుకోండి. రేగడిలో జాకీ దిగబడకుండా అడుగున పెట్టడానికి అంగుళంన్నర మందం చెక్క ఒకటి బండిలో ఉంచండి. అల్లాయ్ రిమ్ము నట్లు, ఇనుప రిమ్ము నట్లు కూర్చునే చోట వేరుగా ఉంటాయి. నాలుగు అల్లాయ్‌లు, స్టెప్నీ ఇనుపదైతే దానికి సరిపడే నట్లు విడిగా పెట్టుకోవాలి. క్యారియర్ బోల్టులను మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి, మొదటి రాళ్ళ దారి తర్వాత మరోసారి బిగించండి. స్టెప్నీకి దొంగల భయంతో లాక్ నట్టు వేయిస్తే దాని తాళం ఇంట్లో కాకుండా, వీల్ స్పానర్‌తో కట్టి బండిలోనే ఉంచండి.