డాక్టర్ సలహా: వాచీ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 44. అమలాపురం దగ్గర పల్లెటూరు. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రోజూ పొద్దున్నే వేసుకుంటాను. స్ప్రింట్ ట్రయథ్లాన్ చేయాలన్న కోరికతో కొన్ని నెలలుగా ఈత, సైకిల్, పరుగు మూడూ సాధన చేస్తున్నాను. ఈమధ్య తక్కువ ధరలో ఒక జీపీఎస్ స్పోర్ట్స్ వాచీ కొన్నాను. పరుగు మొదలుపెట్టిన రెండు నిమిషాలకే గుండె వేగం 178 చూపిస్తోంది, కాసేపటికి 140కి పడిపోతోంది. కాలువలో ఈత కొడితే దూరం తప్పుగా, దారి వంకర టింకరగా వస్తోంది. ఛాతీకి కట్టుకునే బెల్టు కొనమంటారా, ఖరీదైన వాచీకే మారమంటారా? మోకాళ్ల నొప్పి రాకుండా ఆదివారం పెద్ద ప్రాక్టీసుకు ముందు మెడికల్ షాపులో ఇచ్చిన ఎసిక్లోఫెనాక్ మాత్ర ఒకటి వేసుకుంటాను. కిందటి ఆదివారం ప్రాక్టీసు తర్వాత ఒక రోజంతా మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది, పిక్కలు పట్టేశాయి. కొబ్బరినీళ్లు తాగితే తగ్గిపోయింది. వాచీ పట్టీ కింద దురద కూడా ఉంది. ఈ వాచీని నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం వాచీ గురించే. మూత్రం రంగు గురించి ఒక్క వాక్యం రాసి, తగ్గిపోయిందని మీరే తీర్పు చెప్పేశారు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

రేపు పొద్దున ప్రాక్టీసు మానేసి ల్యాబ్‌కి వెళ్లండి. సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం, సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది), మామూలు మూత్ర పరీక్ష చేయించుకోండి. అమలాపురంలో ఇవన్నీ దొరికే పరీక్షలే. రిపోర్టులు మీ బీపీ డాక్టరుకు చూపించండి. మూత్రం మళ్లీ ఆ రంగులో వచ్చినా, బాగా తగ్గిపోయినా, వాంతులు, మగత, ఒళ్లంతా నీరసం ఉన్నా ల్యాబ్ దాకా ఆగకుండా నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి. రంగు మామూలైపోయింది కదా అనకండి. కిడ్నీ దెబ్బతిన్నా చాలామందికి బయటికి ఏమీ తెలియదు. క్రియాటినిన్ చూస్తేనే తెలుస్తుంది.

నీళ్లు సరిపోకపోతే మూత్రం ముదురు పసుపులో వస్తుంది. డికాక్షన్ రంగు వేరు. అలవాటుకు మించి శ్రమపడినప్పుడు కండరం విచ్ఛిన్నమై, అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వచ్చి మూత్రంలో దిగుతుంది. పిక్కలు పట్టేయడం, ఈ రంగు రెండూ కలిసి వచ్చాయంటే డాక్టరుకు ముందు గుర్తొచ్చేది అదే. సీపీకే అడిగింది అందుకే. మూత్రంలో రక్తం పడినా, కామెర్లున్నా ఇంచుమించు ఇలాంటి రంగే రావచ్చు. మిమ్మల్ని చూడకుండా ఇదేనని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా.

ఇంకొకటి కూడా ఉంది. మీరు ఈదేది కాలువలో. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి, చర్మం మీద గీతలు, పుళ్ల గుండా లెప్టోస్పైరోసిస్ వస్తుంది. వరి చేలల్లో, కాలువల్లో దిగేవాళ్లకు ఇది కొత్త జబ్బు కాదు. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం, ఆపైన కామెర్లు, కిడ్నీ దెబ్బతినడం దీని లక్షణాలు. నీళ్లలో దిగిన తర్వాత సాధారణంగా వారం, రెండు వారాల్లో బయటపడుతుంది, ఒక్కోసారి నెల దాకా పట్టవచ్చు. మీరు జ్వరం గురించి రాయలేదు. ఉండి రాయకపోతే మాత్రం డాక్టరు దగ్గర కూర్చోగానే ‘కాలువలో ఈత కొట్టానండీ’ అన్న మాట ముందు చెప్పండి. నలభై దాటిన మనిషిని చూసి ఆ ప్రశ్న అడగాలని ఎవరికీ తట్టదు.

ఇక ఆ మాత్ర. దీని గురించి నేను ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాసినా ఉత్తరాలు మాత్రం ఆగవు. మీకు కనీసం మందు పేరు తెలుసు, సంతోషం. మా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామందికి అదీ తెలియదు. షాపులో కత్తెరతో షీటు కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడతారు. పేరు, గడువు తేదీ అచ్చయిన ముక్క షాపు డబ్బాలోనే ఉండిపోతుంది. ‘ఏ మాత్ర వాడారు?’ అంటే ‘తెల్లగా, పొడుగ్గా ఉంటదండీ’ అంటారు. తెల్లగా, పొడుగ్గా ఉండే మాత్రలు ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు.

మీ బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. ఒకటి నీరు తీసే మందు. రెండోది, టెల్మిసార్టన్, కిడ్నీ వడపోత గుత్తి నుంచి రక్తం బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. మామూలు రోజుల్లో ఇది మంచిదే, కిడ్నీకి రక్షణ కూడా. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి లోపలికి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి. మీ ఊరి భాషలో చెప్పాలంటే, కాలువకు వచ్చే నీరే తక్కువగా ఉన్నప్పుడు పై తలుపు దించేసి కింది తలుపు ఎత్తేసినట్టు. చివరి చేలకు నీళ్లెక్కవు. ఆదివారం పొద్దున మీరు చేస్తున్నది సరిగ్గా అదే: నీరు తీసే మందు వేసుకున్నారు, చెమట రూపంలో ఇంకొంత నీరు పోగొట్టారు, పైన నొప్పి మాత్ర వేశారు. టెల్మిసార్టన్, నీరు తీసే మందు, నొప్పి మాత్ర, ఈ మూడు మందుల కలయిక కిడ్నీకి ప్రమాదమని వైద్యంలో చాలాకాలంగా తెలిసిన విషయమే. నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కడుపులో పుండ్లు తెస్తాయి, అది వేరే లెక్క.

బీపీ లేనివాళ్లకూ ఇది ఆట కాదు. 80 కిలోమీటర్ల పరుగు పందేల్లో చేసి 2017లో ప్రచురించిన చిన్న అధ్యయనం ఒకటి ఉంది. అందులో ఐబుప్రోఫెన్ వేసుకున్నవాళ్లలో సగం మందికి, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో మూడోవంతు మందికి కిడ్నీ పనితీరు తాత్కాలికంగా తగ్గింది. మీరు అంత దూరం పరుగెత్తడం లేదు, నిజమే. కానీ వాళ్లు మీలా బీపీ మాత్ర వేసుకుని కోనసీమ ఉక్కపోతలో పరుగెత్తలేదు కదా.

అలాగని భయపడి బీపీ మాత్ర మానేయకండి. ఇలాంటి జవాబు చదివి సొంతంగా మానేసి, పది రోజుల తర్వాత తలనొప్పితో, 190 బీపీతో వచ్చినవాళ్లను చూశాను. మానాల్సింది నొప్పి మాత్రను. మీరు ఇంత సాధన చేస్తున్నారని తెలిస్తే నీరు తీసే మందు బదులు ఇంకొకటి ఇవ్వాలా, వేసుకునే వేళ మార్చాలా అన్నది మీ డాక్టరు ఆలోచిస్తారు. అసలు ట్రయథ్లాన్ సంగతి ఆయనకు చెప్పారా? చెప్పి ఉండరని నా అనుమానం. నలభై దాటి, బీపీ ఉన్న మనిషి ఇలాంటి సాధన మొదలుపెట్టే ముందు ఈసీజీ, షుగరు, అవసరమనిపిస్తే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చూపించుకుని దిగడం పద్ధతి. మీ ఉత్తరంలో వాటి ఊసే లేదు.

మోకాలి నొప్పికి మాత్ర ముందే వేసుకుంటే నొప్పి తెలియదు, అంతే. లోపల దెబ్బ తగులుతూనే ఉంటుంది. గట్టు మీద సీసీ రోడ్డు ఒక పక్కకు వాలి ఉంటే, రోజూ అదే పక్కన పరుగెత్తినా మోకాలు పీకుతుంది. పక్క మార్చి చూడండి. పరుగు దూరం ఒకేసారి పెంచారేమో కూడా గుర్తు చేసుకోండి. రెండు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.

కొబ్బరినీళ్లతో తగ్గిందన్నారు. తగ్గింది మీరు విశ్రాంతి తీసుకోవడం వల్ల కావచ్చు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. పైగా టెల్మిసార్టన్ పొటాషియాన్ని పెంచే మందు. కిడ్నీ బాగుంటే ఒక బోండాంతో ఇబ్బంది రాదు. కానీ క్రియాటినిన్ రిపోర్టు చూసేదాకా, కోనసీమలో ఉన్నా సరే, వరసగా బోండాలు కొట్టించుకోవద్దు. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. దాన్ని బట్టి నీళ్లు తాగండి. బరువు పెరిగేంతగా తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. మన డెల్టాలో గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. వేసవిలో తెల్లవారుజామునే ముగించండి.

ఇప్పుడు వాచీ. ఖరీదైనది అక్కర్లేదు.

మణికట్టు వాచీ ఆకుపచ్చ కాంతిని చర్మంలోకి పంపి రక్తప్రవాహంలో హెచ్చుతగ్గులను చదువుతుంది. పట్టీ వదులుగా ఉన్నా, చెయ్యి బాగా ఊగినా గుండె బదులు మీ అడుగుల లెక్కను పట్టుకుంటుంది. పరుగులో నిమిషానికి 160, 180 అడుగులు పడటం మామూలే. మీ 178 అదే కావచ్చు. మణికట్టు ఎముకకు ఒక వేలి వెడల్పు పైన, కదలకుండా బిగించి కట్టండి. ఈసారి 178 చూపించగానే ఆగి, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆగగానే వేగం తగ్గుతుంది కాబట్టి ఆలస్యం చేయకండి. చేతి లెక్క 130, 140 ఉంటే తప్పు వాచీదే. చేతికీ 170 దాటి తగిలినా, లయ తప్పినా, దడ, ఛాతీలో బరువు, కళ్లు తిరగడం ఉన్నా ఆ రోజుకు ఆపేసి ఈసీజీ తీయించుకోండి. 220లోంచి వయసు తీసేస్తే మీకు 176 వస్తుంది. అది సగటు లెక్క. మనిషి మనిషికీ పది, పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడేవాళ్లకు ఆ లెక్కే పనికిరాదు, ఆ మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి.

ఛాతీ బెల్టు గుండె విద్యుత్ సంకేతాన్నే చదువుతుంది కాబట్టి పరుగుకు, సైకిలుకు నమ్మకం ఎక్కువ. మీ వాచీకి జతపడుతుందో లేదో చూసి కొనండి. ఈతలో మాత్రం నీళ్లు అడ్డం. జీపీఎస్ సంకేతం నీటిలోకి దిగదు. చెయ్యి పైకి లేచినప్పుడల్లా దొరికిన ముక్కల్ని కలిపి గీత గీస్తుంది, అందుకే ఆ వంకర్లు. కప్ప ఈతలో చెయ్యి నీళ్లలోనే ఉంటుంది కనుక ఇంకా ఘోరంగా వస్తుంది. కాలువే కదా, అదే వాచీతో గట్టు మీద ఒక వంతెన నుంచి ఇంకో వంతెన దాకా నడిచి దూరం కొలిచి పెట్టుకోండి, సరిపోతుంది. లాకుల దగ్గర ఈదకండి. ఎక్కడైనా సరే ఒంటరిగా వద్దు.

‘రికవరీ పూర్తయింది’ అని వాచీ చెప్పినా, అది గుండె వేగం నుంచి వేసిన అంచనా మాత్రమే. మీ క్రియాటినిన్ దానికి తెలియదు. రిపోర్టులు వచ్చి మీ డాక్టరు సరేననేదాకా ఈత, సైకిల్, పరుగు మూడూ ఆపండి, ఇంటి దగ్గర నడక చాలు.

పట్టీ కింద దురదకు కారణం చెమట, సబ్బు పేరుకోవడం కావచ్చు. రోజూ పట్టీ కడిగి ఆరబెట్టండి, రాత్రి తీసేయండి, చెయ్యి మార్చండి. తగ్గకపోతే చర్మ వైద్యుడికి చూపించండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబు మాత్రం తెచ్చుకోకండి.