శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా ఇద్దరిద్దరు ఎక్కి వెళ్లాలంటే పాత బండి తట్టుకుంటుందా?

నలుగురు స్నేహితులు, రెండు పాత 100 సీసీ బండ్లు. ఆదివారం పొద్దున్నే శాలిహుండం కొండ మీది బౌద్ధ క్షేత్రం చూసుకుని కళింగపట్నం తీరానికి చేరాలి. బండ్లు తట్టుకుంటాయా, ఏమేం చూసుకోవాలని అడిగారు.

తట్టుకుంటాయి. ఏడు రోడ్ల కూడలి దగ్గర కలుసుకుని గార మీదుగా వెళ్తే శాలిహుండం సుమారు 18 కిలోమీటర్లు. అక్కణ్నుంచి సముద్రం ఇంకో ఐదారు. రానూపోనూ లీటరున్నర పెట్రోలుకి మించదు. దూరం సమస్యే కాదు. వారమంతా ఒక్కరే నడిపే బండి మీద ఆదివారం ఇద్దరెక్కుతారు, కానీ చైను, గాలి మాత్రం ఒక్కరి లెక్కలోనే ఉండిపోతాయి. దారిలో ఆగిపోయే బండ్లలో ఎక్కువ భాగం దీనివల్లే ఆగుతాయని నా గట్టి నమ్మకం. ఇంజను పాతదని భయపడేవాళ్లు చైను వైపు చూడనే చూడరు.

చైను సంగతి శనివారం సాయంత్రమే తేల్చేయండి. సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పండి. చైను అంతా ఒకేలా సాగదు. ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా తగులుతుంది. కొలత బిగువుగా ఉన్నచోటే తీయాలి. కింది వరస మధ్యలో వేలు పెట్టి పైకీ కిందకీ ఆడిస్తే మొత్తం 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. ఈ తరగతి బండ్లలో ఎక్కువవాటికి ఇదే లెక్క. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

సరిచేయడానికి ముందు వెనక ఇరుసు నట్టు వదులు చేయాలి. తర్వాత రెండువైపులా అడ్జస్టర్ నట్లు పావు మలుపు చొప్పున సమానంగా తిప్పాలి. వెనక చక్రాన్ని రెండువైపులా పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీద గీతలుంటాయి. ఎడమవైపు ఎన్నో గీత దగ్గర ఉందో కుడివైపూ అన్నో గీత దగ్గరే ఉండాలి. అర గీత తేడా వచ్చినా చక్రం వంకరగా నిలబడి, చైను పళ్లచక్రాన్ని ఒక పక్కనే అరగదీస్తుంది. ఇరుసు బిగించాక ఆట మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు కొంచెం మారుతుంది.

చాలామంది ఇక్కడితో లేచిపోతారు. అది తప్పు. చక్రం వెనక్కి జరిగింది కదా, డ్రమ్ము బ్రేకైతే దాని కడ్డీ కూడా లాగబడుతుంది. పెడలు ఆట తగ్గిపోయి, బ్రేకు పట్టుకునే తిరుగుతుంది. పది కిలోమీటర్లు వెళ్లేసరికి డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. పెడలు కొస దగ్గర 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండేలా కడ్డీ చివరి నట్టు తిప్పండి. చేత్తో తిప్పితే చక్రం ఎక్కడా రాసుకోకుండా తిరగాలి. బ్రేకు లైటు పెడలు నొక్కినప్పుడే వెలుగుతోందో లేదో కూడా చూడండి.

ఇప్పుడు ఇద్దరినీ సీటు మీద కూర్చోబెట్టి చైను మళ్లీ ఆడించండి. బరువు పడితే స్వింగ్ ఆర్మ్ పైకి లేస్తుంది. ముందు పళ్లచక్రం, స్వింగ్ ఆర్మ్ బోల్టు, వెనక ఇరుసు ఒకే వరసలోకి వచ్చినప్పుడు చైనుకి కావలసిన పొడవు అన్నిటికంటే ఎక్కువ. ఖాళీ బండి మీద తీగలా బిగించిన చైను స్పీడు బ్రేకరు మీద ఆ వరసకి వచ్చేసరికి ఇక సాగడానికి ఏమీ మిగలదు. ఆ గుంజుడంతా గేరుబాక్సు బేరింగు మీద పడుతుంది. ముందు పళ్లచక్రం వెనకున్న ఆయిల్ సీలు కారడం మొదలవుతుంది. ఎడమవైపు మూత కింద నల్లగా తడి కనిపిస్తే ఇదే అనుమానించండి. ఇద్దరు కూర్చున్నాక కూడా వేలికి కాస్త ఆట తగలాలి.

చైను రెండు కొసల్నీ కలిపే లింకు ఊడకుండా పట్టి ఉంచే లాక్ క్లిప్పు కూడా చూడండి. చేప ఆకారంలో ఉంటుంది. మూసి ఉన్న తల వైపు చైను పరిగెత్తే దిక్కుకి ఉండాలి, చీలిన తోక వెనక్కి. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు క్లిప్పు ఊడిపోతుంది, దాని వెనకే లింకూ పోతుంది. అలాంటి క్లిప్పు ఇంకొకటి చిన్న కాగితం పొట్లంలో కట్టి జేబులో వేసుకోండి.

ఇంకో బాధ. చైనుకి ఇంజను నుంచి తీసిన కాలిన నూనె పోసే అలవాటు మనవైపు ఇంకా పోలేదు. ఆ నూనెలో లోహపు పొడి ఉంటుంది, అది లింకుల్లో ఆకురాయిలా పనిచేస్తుంది. 90 నంబరు గేరు ఆయిలు, కింది వరస లోపలివైపు, చక్రం తిప్పుతూ చుక్కలు చుక్కలుగా వేయండి. రాత్రంతా వదిలేసి పొద్దున్న పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. జిడ్డు మిగిల్తే ఇసుక అంటుకుంటుంది.

గాలి సంగతికొస్తే, ఈ బండ్లలో ఎక్కువవాటికి ముందు 25, వెనక ఒక్కరికి 28 పీఎస్‌ఐ. ఇద్దరైతే వెనక కనీసం 32, కొన్నిటికి ఇంకా ఎక్కువ. చైను కవరు మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరుంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. ట్యూబు టైరైతే ఆదివారం తెల్లవారుజామున పంక్చరు షాపు దొరకదు, అందుకే రెండు బండ్లకి కలిపి ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు, ఒక చేతిపంపు తీసుకెళ్లండి. చక్రం విప్పే స్పానరు మరిచిపోతే ఇవన్నీ దండగ.

రోడ్డు మీద అసలు ప్రమాదం నవంబరు, డిసెంబరు నెలల్లో. తారు మీద ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ బండలు పేరుస్తారు. ధాన్యం ఎత్తేశాక కొన్ని బండలు అక్కడే ఉండిపోతాయి, మంచులో కనిపించవు. రైతుకి కల్లం లేక రోడ్డెక్కుతున్నాడు, అతన్ని తిట్టి లాభం లేదు. మనమే 40 దాటకుండా వెళ్లాలి. పరిచిన గడ్డి మీద బ్రేకు వేయకండి, ముందే వేగం తగ్గించి నిటారుగా దాటండి. దాటాక ఆగి ఇరుసు, సైలెన్సరు చూడండి. చుట్టుకున్న గడ్డి వేడి పైపుకి తగిలితే అంటుకుంటుంది. మలుపుల్లో ట్రాక్టర్ల నుంచి రాలిన ఇసుక రోడ్డు అంచున పోగవుతుంది, కాబట్టి అంచు వదిలి మీ సగంలో మధ్యగా వెళ్లండి. రెండు బండ్లు పక్కపక్కన కబుర్లాడుకుంటూ వెళ్లడం మానండి. హెల్మెట్ వెనక కూర్చున్నవాళ్లకీ తప్పనిసరి. పట్టీ కింద రెండు వేళ్లు పట్టేంత బిగువు చాలు.

శాలిహుండంలో బండి కిందే పెట్టి కొండ ఎక్కండి. వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. మనం మాట్లాడే తెలుగునే రాయాలని పోరాడిన గిడుగే. తవ్వకాల్లో ఇటుక స్తూపాలు, చైత్యాలు అనే ప్రార్థనా మందిరాలు, బౌద్ధ దేవతలైన తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. దయచేసి స్తూపాల ఇటుకల మీదకి ఎక్కి ఫొటోలు దిగకండి. పైవరస ఇటుకలు కాలి బరువుకే కదిలిపోతాయి. సైలెన్సరు మార్చి మోత మోగించేవాళ్లు కొండ కింద గ్రామం ఉందని గుర్తుంచుకోవాలి, ఆ చప్పుడుకి ఆదివారం పొద్దున్నే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.

కళింగపట్నంలో ఒకప్పటి ఓడరేవు గుర్తుగా దీపస్తంభం ఉంది, వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది. నది కలిసేచోట నీళ్లలోకి దిగకండి, లాగేస్తుంది. బండి ఇసుకలోకి దించకండి. సైడు స్టాండు దిగబడి బండి పడితే క్లచ్చు లీవరు విరుగుతుంది. తప్పకపోతే స్టాండు కింద అరచేయంత పలకరాయి పెట్టండి. చక్రం కూరుకుపోతే ఏక్సిలరేటరు తిప్పినకొద్దీ ఇంకా దిగుతుంది. ఇద్దరూ దిగి, మొదటి గేరులో క్లచ్చు సగం వదులుతూ తోయండి.

ఇంటికొచ్చాక ఉప్పుగాలి తగిలిన బండిని ఆ రోజే మంచినీళ్లతో కడగండి. పైపుతో గట్టిగా కొట్టకండి, ఇరుసు బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. చైను గుడ్డతో తుడిచి మళ్లీ గేరు ఆయిలు వేయండి. వీధి చివరిదాకా నెమ్మదిగా నడిపి, రెండు బ్రేకులూ నాలుగైదుసార్లు నొక్కి ఆరబెట్టాకే లోపల పెట్టండి. సోమవారం ఒక్కరే వెళ్తారు కాబట్టి వెనక గాలి మళ్లీ 28కి దించండి.