కర్నూలులో ఫ్లాట్ మెయింటెనెన్స్: మే నెల లెక్క చూశాకే సరే అనండి

మీ ప్రశ్నను మా ఆవిడకు చదివి వినిపిస్తే నవ్వింది. బెంగళూరు నుంచి కర్నూలుకు బదిలీ, ఇద్దరు పిల్లలు, వెంట అమ్మగారు. అద్దె కాక నెలకు 1,500 మెయింటెనెన్స్ అంటున్నారు. అది దేనికి, పెరుగుతుందా, ఎవరు కట్టాలి అని అడిగారు. ఆరేళ్ల కిందట తిరుపతి నుంచి ఈ ఊరికి వచ్చినప్పుడు నేను అడగవలసి ఉండీ అడగని ప్రశ్నలివి.

మేము ఫ్లాటు చూసింది డిసెంబరులో. కుళాయి తిప్పితే ధారగా నీళ్లు, మెట్లు శుభ్రంగా ఉన్నాయి, వాచ్‌మన్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. మెయింటెనెన్స్ 1,500 అన్నారు, తలూపాను. మే నెల మొదటి వారంలో లిఫ్టు తలుపు పక్కన ఒక కాగితం అతికించారు: ‘ట్యాంకర్ల ఖర్చు, ఫ్లాటుకు అదనంగా 1,000’. సెక్రటరీ గారి ఇంటికి వెళ్లి కాస్త గట్టిగానే అడిగాను. ఆయన మారుమాట లేకుండా లోపలి నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఆ పుస్తకంలో ఉన్నది ఇదీ. మావి మొత్తం 20 ఫ్లాట్లు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు, మోటారు, మెట్ల దీపాలన్నిటికీ కలిపి ఉండే కామన్ మీటరు కరెంటు బిల్లు, లిఫ్టు సర్వీసు వాళ్లకు ఏడాది ఒప్పందం డబ్బు, చెత్త, ఊడ్పు, జనరేటరు డీజిలు, అప్పుడప్పుడూ మోటారు రిపేరు. మామూలు నెలల్లో వసూలైన డబ్బు వీటికే సరిపోయేది. ఆ వేసవిలో బోరు చేతులెత్తేసింది. ఒక్క నెలలో 22 ట్యాంకర్లు, ఒక్కొక్కటి 700 చొప్పున 15,400. ఇరవై ఇళ్లకు పంచితే 770 కావాలి కదా, మరి 1,000 ఎందుకు? నాలుగు ఫ్లాట్లకు తాళాలు. వాటి యజమానులు ఒకరు అమెరికాలో, మిగతావాళ్లు హైదరాబాదులో. ‘మేము నీళ్లే వాడనప్పుడు ట్యాంకరు డబ్బు ఎందుకివ్వాలి?’ అని వాళ్ల వాదన. అందులో కొంత న్యాయం ఉందని ఇప్పటికీ అనుకుంటాను. కానీ వాచ్‌మన్ జీతం, లిఫ్టు ఒప్పందం కూడా ఎగ్గొట్టడం మాత్రం న్యాయం కాదు. అలా పదహారు ఇళ్లు ఇరవై ఇళ్ల భారం మోశాయి.

కర్నూలుకు తుంగభద్ర పక్కనే ఉంది, సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్లు వస్తాయి, ఇంకేం కొదవ అనుకుంటారు కొత్తవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. నది ఎండినప్పుడు ఊరి సరఫరా తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే బోర్లూ అడుగంటుతాయి. అందుకే నెలకు ఎంత అని అడిగి ఊరుకోకండి. పోయిన ఏప్రిల్, మే నెలల్లో ఒక్కో ఫ్లాటు మొత్తం ఎంత కట్టిందో చూపించమనండి. లెక్క రాసే అపార్ట్‌మెంటయితే రెండు నిమిషాల్లో పుస్తకం తెస్తారు. నసిగితే ఇంకో ఇల్లు చూసుకోండి.

ఎవరు కట్టాలి అన్నదానికి ఇక్కడి వాడుక చెబుతాను. నెలనెలా అయ్యేది అద్దెకు ఉన్నవాళ్లది. రంగులు వేయించడం, కొత్త బోరు, లిఫ్టు మార్చడం లాంటివి యజమానివి. నోటిమాటగా అందరూ ఒప్పుకుంటారు, తీరా 8,000 చొప్పున రంగుల చందా వేసినప్పుడు ‘ఉండేది మీరే కదా’ అంటారు. అద్దె ఒప్పందపత్రంలో ఒక్క వాక్యం రాయించుకుంటే ఆ గొడవ ఉండదు. ట్యాంకర్ల డబ్బు ఎవరిదో కూడా అక్కడే తేల్చుకోండి. పాత అద్దెదారు బకాయి పెట్టి వెళ్లి ఉంటే అది మీ నెత్తిన పడవచ్చు కాబట్టి, బకాయి లేదని అపార్ట్‌మెంటు సంఘం నుంచి చీటీ తీసుకున్నాకే సామాను దింపండి.

అమ్మగారు ఉన్నారన్నారు కాబట్టి జనరేటరు సంగతి ముఖ్యం. కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా, లేక మెట్ల మీద దీపాలకే జనరేటరు వాడతారా? డీజిలు మిగులుతుందని మా పాత అపార్ట్‌మెంటులో రాత్రి పది తర్వాత జనరేటరు వేసేవారు కాదు. తక్కువ మెయింటెనెన్స్ వెనక ఇలాంటి పొదుపులు ఉంటాయి. జనరేటరు సెల్లారులో ఉందా, పైన ఉందా అన్నది కూడా చూడండి. 2009 అక్టోబరు వరద చూసిన వాళ్లు ఈ ఊళ్లో ఏది కొన్నా ముందు ఎత్తు అడుగుతారు. హంద్రీ నదికి దగ్గరగా ఇల్లు చూస్తే మీరూ అడగండి.

రసీదులో ఎవరైనా జీఎస్‌టీ అని కలిపితే కంగారు పడకండి, అలాగని కట్టేయకండి. సంఘం ఏడాది రాబడి 20 లక్షలు దాటాలి, ఒక్కో ఫ్లాటు నెలవారీ చందా 7,500 దాటాలి. రెండూ ఉంటేనే 18 శాతం పన్ను. అప్పటి మా 20 ఫ్లాట్లూ కట్టినా ఏడాదికి 3,60,000. మీరు చూస్తున్న 1,500 మెయింటెనెన్స్ ఇళ్లకు ఆ ప్రసక్తే రాదు.

మున్ముందు ఇక్కడే కొనుక్కునే ఆలోచన ఉంటే ఒక మాట. మూడేళ్ల తర్వాత నేను కొత్త అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్నాను. నెలసరి కాకుండా కార్పస్ ఫండు అని ఫ్లాటుకు 25,000 చొప్పున బిల్డరు ముందే తీసుకున్నాడు. పెద్ద రిపేర్ల కోసం సంఘం పేరిట బ్యాంకులో ఉండవలసిన డబ్బు అది. మా రసీదుల మీద మాత్రం ‘ఇతర ఖర్చులు’ అని ఉంది. సంఘాన్ని రిజిస్టరు చేయించి, ఖాతా తెరిచి, ఆ డబ్బు రాబట్టేసరికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ కోశాధికారిని నేనే, ఎందుకంటే సమావేశంలో ఇంకెవరూ చెయ్యెత్తలేదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం వర్తించే కట్టడాల్లో నిర్వహణ సంఘం చేతికి వచ్చేదాకా తప్పనిసరి సేవలు నడపవలసిన బాధ్యత బిల్డరుదే, అందుకు సబబైన రుసుము తీసుకోవచ్చు. ఈ సంగతి తెలిసి ఉంటే మొదటి ఏడాది లిఫ్టు ఆగిపోయినప్పుడల్లా మేము చందాలు వేసుకునేవాళ్లం కాదు. కొనేటప్పుడు రసీదు మీద ‘కార్పస్ ఫండు’ అన్న మాటే రాయించుకోండి.

ఇదంతా విని ఇండిపెండెంట్ ఇల్లే మేలనుకుంటారేమో. మెయింటెనెన్స్ ఉండదు, నిజమే. ట్యాంకరుకు ఫోను చేయడం, మోటారు కాలితే మిస్త్రీని వెతకడం మీ పనే అవుతుంది. పొద్దున వెళ్లి రాత్రి వచ్చే ఉద్యోగమైతే ఆ పని అమ్మగారి మీద పడుతుంది.

నంద్యాల చెక్‌పోస్టు వైపు రెండు ఫ్లాట్లు నచ్చాయన్నారు. రెండు చోట్లా యజమానితో మాట్లాడాక, బయటికి వచ్చేటప్పుడు వాచ్‌మన్ భార్యను ఒక్కసారి అడగండి: ‘మేలో ట్యాంకరు ఎన్ని రోజులకు ఒకసారి వచ్చిందమ్మా?’ అని. రాత్రి పూట వచ్చినా గేటు తీసి, సంపులోకి పైపు వేసేది ఆమే.