కాగితం దాటి బయటికి వెళ్లాలి

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన చార్మినార్ బొమ్మ రెండు రోజులుగా నా బల్ల మీదే ఉంది. నగిషీ పని, నీడలు చూస్తే ముచ్చటేసింది. కానీ కట్టడం మూల మాత్రం పడవ ముక్కులా ముందుకు పొడుచుకు వచ్చింది. స్కేలు పెట్టి చూశాను. గీతలన్నీ చేరవలసిన చోటికే చేరాయి. చిక్కంతా ఆ చేరే చోట్లతోనే. రెండు వానిషింగ్ పాయింట్లనూ, అంటే కట్టడం రెండు ముఖాల గీతలు దూరంగా పోతూ కలిసే చోట్లనూ, కాగితం అంచుల మీద పెట్టేశావు.

లెక్క చూడు. నీ ఏ-3 కాగితం వెడల్పు 42 సెంటీమీటర్లు. మూల మధ్యలో ఉండి రెండు ముఖాలూ సమానంగా తిరిగి ఉన్నప్పుడు, ఆ పాయింట్ల మధ్య ఎడంలో సగం దూరాన కన్ను ఉంటేనే బొమ్మ నిజంలా కనిపిస్తుంది. అంటే 21 సెంటీమీటర్లు. జానెడు దూరం నుంచి బొమ్మను ఎవరు చూస్తారమ్మా? 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తారనుకుంటే పాయింట్ల మధ్య 120 ఉండాలి. కాగితానికి అటూ ఇటూ 39 సెంటీమీటర్లు బయటికి వెళ్లాలి.

అంత దూరానికి నీ స్కేలు అందదు, దారం అందుతుంది. కాగితాన్ని పెద్ద చెక్కపలకకు అతికించు. ఆ పాయింట్లు ఉండే అడ్డగీతను, అంటే కంటి మట్టం గీతను, రెండు పక్కలా పొడిగించి, పాయింట్లు పడే చోట్ల మేకులు కొట్టు. మేకుకు కట్టిన దారాన్ని బిగించి పట్టి, దాని వెంట చుక్కలు పెట్టి కలుపు. సినిమా బ్యానర్ల దగ్గర నేను పని నేర్చుకున్న రోజుల్లో దారానికి సుద్దపొడి రాసి, బిగించి, నడుమ వేళ్లతో లాగి వదిలేవాళ్లం. టప్పుమని నిలువెత్తు గీత పడేది. మిలాన్‌లో లియొనార్డో గీసిన ‘చివరి విందు’ గోడచిత్రంలో క్రీస్తు కణత దగ్గర మేకు రంధ్రం బయటపడింది. గది గీతలన్నీ అక్కడికే చేరతాయి. అంతటివాడూ మేకు కొట్టుకునే గీశాడు.

తోరణం కొనను స్కేలుతో కొలిచి సరిగ్గా మధ్యలో పెట్టావు. అలా కాదు. ఆ గోడ నాలుగు మూలల నుంచీ కర్ణాలు గీయి. అవి ఖండించుకునే చోటే అసలు మధ్య. అది దూరపు అంచు వైపు జరిగి ఉంటుంది.

మినార్ల బాల్కనీలన్నిటికీ ఒకే అండాకారం వేశావు. ఒక గాజు గ్లాసు తీసుకుని, అడుగు సరిగ్గా కంటి మట్టంలో ఉండేలా నిటారుగా పట్టుకో. అడుగు ఉత్త గీతలా కనిపిస్తుంది. నిటారుగానే ఉంచి నెమ్మదిగా పైకెత్తు. ఆ గీత విచ్చుకుంటూ పోతుంది. బాల్కనీలూ అంతే, పైకి వెళ్లేకొద్దీ విచ్చుకోవాలి.

తల ఎత్తి చూసినట్టు, నిలువు గీతలు పైన కలిసే మూడో పాయింటుతో గీయాలని రాశావు. ఈ దూరాలు చేతికి అలవాటు కాకముందు దాని జోలికి వెళ్లకు. దాన్నీ దగ్గరగా పెడితే మినార్లు లోపలికి కూలుతున్నట్టు కనిపిస్తాయి.

ఇదే బొమ్మను మళ్లీ గీసి పంపు. ఈసారి దారం వెంట పెట్టిన చుక్కలు, గీతలు చెరపకు. నాకు ముందుగా చూడాలని ఉన్నది అవే.

ఇట్లు,
మీ పెద్దనాన్న