దేవుణ్ణి నమ్మని పిల్లను క్యాథలిక్ హైస్కూలుకు పంపవచ్చా?

ప్రశ్న: మేము కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటాం. మా అమ్మాయి సెప్టెంబరులో తొమ్మిదో తరగతిలో చేరాలి. మా ఇంట్లో పూజలూ వ్రతాలూ లేవు. మా నాన్నగారు హేతువాద ఉద్యమంలో తిరిగిన మనిషి. అమ్మాయి కూడా తనకు దేవుడి మీద నమ్మకం లేదని సూటిగానే చెబుతుంది. నడిచి వెళ్లేంత దూరంలో ప్రభుత్వ నిధులతో నడిచే క్యాథలిక్ హైస్కూలు ఉంది. చదువు బాగుంటుందని పేరు. అక్కడి సంగీత బృందంలో చేరాలని అమ్మాయికి ఎంతో కోరిక. మా వారు గుంటూరులో కాన్వెంటులో చదివారు. "ప్రార్థన వేళ నలుగురితో పాటు చేతులు జోడిస్తే సరిపోతుంది, నేనేమైనా మారిపోయానా?" అంటారు. నాకు మాత్రం ఇది ఆ బడిని, మా పిల్లను కూడా మోసం చేయడమే అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయి మతం మారిపోతుందన్న బెంగ మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. సీటు కోసం పిల్ల చేత నటింపజేస్తామేమోనన్న బాధ ఉంది. ఆ బాధ న్యాయమైనదే. అయితే నటించకుండానే ఆ బడిలో చదివే దారి ఉంది. అందుకని ఆ బడిని ఇప్పుడే వదులుకోకండి.

ముందు మీ వారి మాట చూద్దాం. ఆయన అనుభవం నిజమే, కానీ అది మీరుండే ఒంటారియో రాష్ట్రానికి అతకదు. మన కాన్వెంట్లలో సాధారణంగా సత్యోపదేశం, అంటే క్యాథలిక్ మతబోధ క్లాసు క్యాథలిక్ పిల్లలకే ఉంటుంది, మిగతావాళ్లు ఆ గంటలో నీతిబోధ పాఠానికి వెళతారు. పైగా సమ్మతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ ఎవరినీ కూర్చోబెట్టకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. కాబట్టి ఆయనకు ఉదయం ప్రార్థన ఒక్కటే ఎదురై ఉంటుంది. మీ అమ్మాయికి ఎదురయ్యేది అంతకంటే ఎక్కువ. మతబోధ అక్కడ ఏటా ఉండే సబ్జెక్టు. దానికి హోంవర్కు ఉంటుంది, మార్కులుంటాయి, డిప్లొమాకు లెక్కలోకి వచ్చే క్రెడిట్ ఉంటుంది. పదకొండో తరగతిలో ప్రపంచ మతాల గురించి చదువుతారు, మిగతా ఏళ్లలో క్రైస్తవ దృష్టే ప్రధానం. ఇవి కాక బడిలో జరిగే దివ్యబలిపూజలు (మాస్), ధ్యాన శిబిరాలు. నాలుగేళ్ల పాటు చేతులు జోడించి నెట్టుకురావడం కుదిరే పని కాదు, పిల్లకు నేర్పవలసిన విద్య కూడా కాదు.

ఇక చట్టం. ఒంటారియోలో క్యాథలిక్ ప్రాథమిక పాఠశాలలో చేరాలంటే మామూలుగా బాప్తిస్మం పత్రం అడుగుతారు. హైస్కూలు అలా కాదు, దాని తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. మీరు దొడ్డిదారిన వెళ్లడం లేదు. అంతేకాదు, తల్లిదండ్రులు ఆ బడిని నడిపే స్కూలు బోర్డుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేసుకుంటే మతబోధ నుంచి మినహాయింపు ఇవ్వాలని అక్కడి విద్యా చట్టమే చెబుతోంది. అది క్లాసులకే పరిమితమా, పూజలకూ శిబిరాలకూ వర్తిస్తుందా అన్న తగాదా మీ ప్రాంతం నుంచే కోర్టుకెక్కింది. అన్నింటికీ వర్తిస్తుందని 2014లో తీర్పు వచ్చింది.

హక్కు ఉంది కదా అని మొదటి రోజే ఆ కాగితం పెట్టేయమని మాత్రం చెప్పను. విభూది బుధవారం నాడు తోటి పిల్లల్లో చాలామంది నుదుటి మీద బూడిదతో సిలువ గుర్తు పెట్టించుకుని తరగతికి వస్తారు. ఆ పూట అమ్మాయి లైబ్రరీలో ఒంటరిగా కూర్చోవలసి రావచ్చు. పద్నాలుగేళ్ల వయసులో విడిగా ఉండటం చాలా కష్టం. కొందరు పిల్లలకు అదే గర్వంగానూ ఉంటుంది. మీ అమ్మాయి ఏ కోవకు చెందుతుందో మీకూ నాకూ కాదు, తనకే తెలుసు. మినహాయింపు కావాలో వద్దో తననే తేల్చుకోనివ్వండి.

మినహాయింపు వద్దనుకుని పూజలో కూర్చున్నా అది నటన కాదని ముందే చెప్పండి. తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే ఒక పక్కన కూర్చుని కథ వింటాం, అలాంటిదే. ఒక్క తేడా తప్పకుండా గుర్తుంచుకోవాలి. వ్రతానికి వెళ్లి ప్రసాదం వద్దంటే ఇంటివాళ్లు నొచ్చుకుంటారు. ఇక్కడ దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే రొట్టె, క్యాథలిక్కులకే, ఇతరులు తీసుకుంటేనే తప్పు. దానికోసం వరుస కదిలినప్పుడు కూర్చునే ఉండవచ్చు, లేదా చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని వెళితే పూజ జరిపే ఫాదర్ ఆశీర్వదించి పంపుతారు. నమ్మకం లేని ప్రార్థనను పలకనక్కర్లేదు. లేచి నిలబడటం మర్యాద, అంతవరకు చాలు.

నాకు అసలు ఆలోచించదగ్గదిగా తోచేది వేరే ఉంది. గర్భస్రావం, స్వలింగ వివాహం వంటి విషయాల్లో ఆ బడి చర్చి వైఖరినే బోధిస్తుంది. రేపు మీ అమ్మాయికో, తన స్నేహితురాలికో అది సొంత బతుకు విషయం కావచ్చు. అప్పుడు మనసు విప్పి మాట్లాడగలిగే టీచరు అక్కడ ఉన్నారా? బడిని చూడటానికి తల్లిదండ్రులను పిలిచే రోజున వెళ్లి ఇదే అడగండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లి తన చేతే అడిగించండి: "నాకు నమ్మకం లేదు. క్లాసులో ఆ మాట చెబితే, వ్యాసంలో రాస్తే మార్కులు తగ్గుతాయా?" చర్చి ఏమంటుందో సరిగా వివరించి, ఆ తర్వాత నీ వాదన రాయవచ్చు అన్నారనుకోండి, ధైర్యంగా చేర్పించండి. చూద్దాంలే అంటూ మాట దాటేస్తే మాత్రం సంగీత బృందం ఎంత బాగున్నా నేనైతే వెనకాడతాను. క్యాథలిక్ బడుల్లో చదివి, ప్రశ్నించడం అక్కడే నేర్చుకున్నామని చెప్పేవాళ్లు నాకు తెలుసు. వాళ్లందరికీ అక్కడ ప్రశ్నలను ఓపికగా విన్న టీచరు ఒకరైనా దొరికారు.

చేర్పించే ముందు మీ వారు, మీరు, అమ్మాయి కలిసి కూర్చుని ఈ సంగతులన్నీ విడమరిచి మాట్లాడుకోండి. దరఖాస్తులో మతం గురించి అడిగితే ఉన్నదున్నట్టు రాయండి. ఒక ఏడాది గడిచాక అమ్మాయి ఇమడలేకపోతే మామూలు ప్రభుత్వ హైస్కూలుకు మార్చవచ్చు. రెండు చోట్లా ఇచ్చేది ఒకటే డిప్లొమా, సంపాదించుకున్న క్రెడిట్లు వెంట వస్తాయి. ఈ సంగతి అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.