రేచీకటి అనుకుని విటమిన్ ఎ వేసుకుంటున్నా... కొనసాగించవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. కొన్ని నెలలుగా చీకటి పడ్డాక బండి నడపాలంటే భయమేస్తోంది. ఎదురుగా వచ్చే లైట్లు కంట్లో పడితే కాసేపు ఏమీ కనిపించట్లేదు. రేచీకటేమోనని తెలిసినవాళ్లు అనడంతో రోజూ విటమిన్ ఎ క్యాప్సూల్ వేసుకుంటున్నా. ఒక్కోటి 25,000 ఐయూ. పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నాం. ఇవి కొనసాగించవచ్చా?

జవాబు: వద్దమ్మా, ఈ రోజే ఆపేయండి. మీ వయసు స్త్రీలకు రోజుకు కావాల్సింది 700 మైక్రోగ్రాములు. మాత్రల రూపంలో రెటినాల్, అంటే శరీరం నేరుగా వాడుకునే విటమిన్ ఎ, 3,000 మైక్రోగ్రాములు, అంటే 10,000 ఐయూ దాటకూడదు. మీరు వేసుకునేది దానికి రెండున్నర రెట్లు.

విటమిన్ సి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. విటమిన్ ఎ కొవ్వులో కరిగే రకం కాబట్టి కాలేయంలో పేరుకుపోతుంది. మోతాదు మించితే తలనొప్పి, వికారం, పెదాలు పగలడం, జుట్టు రాలడం, కీళ్ల నొప్పులు వస్తాయి. మీ విషయంలో అసలు టెన్షన్ గర్భం గురించే. బిడ్డ గుండె, మెదడు, ముఖం రూపుదిద్దుకునేది తొలి వారాల్లో. గర్భం వచ్చిందని చాలామందికి అప్పటికింకా తెలియదు కూడా. ఆ సమయంలో రెటినాల్ మితిమీరితే అవయవ లోపాలు రావచ్చు. నెలసరి తప్పి ఉంటే వెంటనే టెస్ట్ చేసుకోండి. పాజిటివ్ వచ్చినా కంగారుపడి సొంత నిర్ణయాలు తీసుకోవద్దు, గైనకాలజిస్టును కలవండి. గర్భం లేకపోతే, డాక్టర్ సరేననే వరకు ప్లానింగ్ వాయిదా వేయండి.

ఇక చూపు సంగతి. మసక వెలుతురులో చూసే పని రెటీనా (కంటి లోపల వెనుకనుండే పొర) లోని రాడ్ కణాలది. వాటిలోని రొడాప్సిన్ అనే పదార్థం వెలుగు తగలగానే విడిపోతుంది. అది మళ్లీ తయారవ్వాలంటే విటమిన్ ఎ కావాలి. అందుకే ఈ లోపం మొదట చీకట్లోనే బయటపడుతుంది. ముదిరితే కళ్లు పొడిబారతాయి, తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు వస్తాయి, చివరికి నల్లగుడ్డు పుండుపడి చూపే పోవచ్చు.

అయితే సరిగ్గా తింటున్న పెద్దవాళ్లలో ఈ లోపం అరుదు. కాలేయం, పేగుల జబ్బులున్నవాళ్లకు, బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవాళ్లకు రావచ్చు. మీరు చెప్పిన లక్షణాలు దూరపు చూపు తగ్గినా వస్తాయి. శుక్లం మొదలైనా, రెటీనా జబ్బులున్నా అంతే. కంటి డాక్టర్ చుక్కల మందు వేసి రెటీనా చూడాలి, అవసరమైతే రక్తంలో రెటినాల్ పరీక్ష రాస్తారు. అప్పటిదాకా రాత్రిపూట బండి తీయొద్దు.

ఆహారం మానక్కర్లేదు. క్యారెట్, గుమ్మడి, ఆకుకూరల్లోని బీటా కెరోటిన్‌ను శరీరం అవసరమైనంతే విటమిన్ ఎగా మార్చుకుంటుంది. కాస్త నూనెతో వండితే బాగా ఒంటబడుతుంది. పాలు, గుడ్లూ తినొచ్చు. లివర్ మాత్రం ఇప్పుడు వద్దు, అందులో రెటినాల్ చాలా ఎక్కువ.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్యాప్సూల్ ప్యాకెట్‌తో పాటు వాడుతున్న మల్టీవిటమిన్లూ తీసుకెళ్లండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే అది మరీ ముఖ్యం, తప్పకుండా చెప్పండి. అది కూడా విటమిన్ ఎ కుటుంబానికి చెందిన మందే.