స్మిదర్స్ రంగు గురించి రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చేరింది. మొదటిసారి చదివినప్పుడు చిరాకేసింది. సగంలో పక్కన పడేసి, నాలుగు రోజులయ్యాక మళ్లీ తీశాను. అప్పుడు 31వ నంబరు దగ్గర ఆగిపోయాను. నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ నంబరే. దాని సంగతి చివర్లో చెప్తాను, ముందు నా చిరాకు సంగతి చెప్పనీ.

ఆ అమెరికన్ కార్టూన్ సిరీస్ మీద రాసి 'ద సింప్సన్స్‌లో నలభై తప్పులు' అని పేరు పెట్టావు. భాష శుభ్రంగా ఉంది, ఎక్కడా తడబడలేదు. కానీ నలభైకి నలభై ఒకే కొలతలో రాశావు. తప్పుకి నాలుగు వాక్యాలు, చివర ఒక వెక్కిరింత, మళ్లీ ఇంకో నంబరు. స్మిదర్స్ ఒంటి రంగు మారిపోవడమూ, ప్రిన్సిపల్ స్కిన్నర్ అసలు స్కిన్నరే కాదని తేలడమూ నీ కళ్లకి ఒకే సైజులో ఎలా కనిపించాయి?

1990 జనవరిలో వచ్చిన మూడో ఎపిసోడ్‌లో, అణువిద్యుత్ కేంద్రం యజమాని మిస్టర్ బర్న్స్ వెనకాల తిరిగే స్మిదర్స్ నల్లటి మనిషిగా, నీలం జుట్టుతో కనిపిస్తాడు. తర్వాత అందరిలాగే పసుపు రంగులోకి వచ్చేశాడు. అది రంగులు వేసే దగ్గర జరిగిన పొరపాటు, అంతకు మించి అందులో ఏమీ లేదు. ఆ సిరీస్ ఎలా మొదలైందో తెలుసుకుని ఉంటే నువ్వింత వెక్కిరించేవాడివి కాదు. అన్నిటికంటే ముందు చేసిన ఎపిసోడ్ కొరియా నుంచి బొమ్మలు గీయించుకుని తిరిగొచ్చాక, దాన్ని చూసి నిర్మాతలు బెంబేలెత్తిపోయారు. చాలా భాగం మళ్లీ చేయించాల్సి వచ్చింది. దాంతో సిరీస్ వాయిదాపడి 1989 డిసెంబర్ 17న క్రిస్మస్ ఎపిసోడ్‌తో మొదలైంది. మొట్టమొదట తయారైంది కాస్తా మే నెలలో, ఆ సీజన్ చివరి ఎపిసోడ్‌గా వచ్చింది. అలా నానా తంటాలు పడుతున్నవాళ్ల చేతిలో ఒక మనిషి రంగు తప్పింది. దీన్ని తీసుకొచ్చి మొదటి నంబరుగా పెట్టావు నువ్వు.

నాదొక పట్టు ఉంది. ముప్పై ఏళ్లుగా ఎవరితో వాదించినా దాన్ని వదల్లేదు. కథలో లెక్క తప్పడం వేరు, బాకీ ఎగ్గొట్టడం వేరు. తేదీలు, వయసులు, రంగులు, తలుపు ఏ వైపు ఉంది అన్నవన్నీ లెక్కలు. కానీ ఒక పాత్ర మన కళ్లముందు ఏదైనా పోగొట్టుకుంటే, ఒక మాట ఇస్తే, మనం ఆ మాట నమ్మి ఆ పాత్రతో పాటు బాధపడితే, అక్కడ కథ మనకి బాకీ పడుతుంది. ఆ బాకీ గుర్తున్నంతకాలం తేదీలు ఎన్ని తారుమారైనా నాకు ఫర్వాలేదు. అది మర్చిపోయిన కథలో తేదీలన్నీ సరిగ్గా ఉన్నా నాకు అక్కర్లేదు.

ఇది నాకు ఊరికే తట్టలేదు. ఒక డైలీ సీరియల్‌కి నాలుగేళ్లు డైలాగులు రాశాను. అందులో ఒక ముసలాయన ఉండేవాడు. భార్య పోయాక, ఆవిడ కూర్చునే పేము కుర్చీలో తను కూర్చోడు, ఇంకెవర్నీ కూర్చోనివ్వడు. దానికి నేను పెద్ద సీనేమీ రాయలేదు. మనవడు ఎక్కబోతుంటే "అది నానమ్మది రా" అంటాడు, వాడు దిగిపోతాడు, అంతే. ఏడాదిన్నర గడిచాక పైవాళ్లకి ఒక నవ్వులాట సీన్ కావాల్సొచ్చింది. పొద్దున్న ఆరింటికి సీన్ పేపర్ అడిగారు, ఎనిమిదింటికి షూటింగ్. ముసలాయన కూర్చుని కబుర్లు చెప్పాలి. కెమెరాకి దగ్గరగా ఉన్నది ఆ పేము కుర్చీ. దాన్నే ముందుకు లాగి ఆయన్ని కూర్చోబెట్టారు. నేను మానిటర్ పక్కనే నిలబడి ఉన్నాను, చూశాను, నోరెత్తలేదు. మర్నాటికి చేతిలో ఒక్క ఎపిసోడ్ కూడా రెడీగా లేదు, అందరూ టెన్షన్‌లో ఉన్నారు, ఆ టైములో కుర్చీ మార్చమంటే ఏమంటారోనని భయపడ్డాను.

ఆ సీరియల్‌కి ఉత్తరాలు బాగానే వచ్చేవి. కోడలి వయసు మూడేళ్లయినా పెరగలేదని, ఆస్పత్రి సీన్‌లో కట్టు ఎడమ చేతి నుంచి కుడి చేతికి మారిందని రాసేవాళ్లు. చదివి పక్కన పెట్టేవాణ్ణి. ఆ ఎపిసోడ్ తర్వాత మాత్రం ఒక కార్డు వచ్చింది. "ఆయన ఆ కుర్చీలో కూర్చున్నాడు." అంతే రాశారు. తిట్టలేదు, పేరు కూడా లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. కట్టు చెయ్యి మారిందని రాసినవాళ్లు నా తప్పు పట్టుకున్నారు. ఈ కార్డు రాసిన మనిషి నన్ను నమ్మి మోసపోయారు.

ఇప్పుడు నీ రెండో నంబరుకి రా. 1997 సెప్టెంబర్ 28న వచ్చిన ఎపిసోడ్‌లో అసలు సేమూర్ స్కిన్నర్ ఊళ్లోకి దిగుతాడు. ఇన్నేళ్లూ మనం ప్రిన్సిపల్‌గా చూసినాయన ఆర్మిన్ టామ్‌జేరియన్ అనే వేరే మనిషని తేలుతుంది. చివరికి ఊరంతా కలిసి అసలాయన్ని రైలుకి కట్టి సాగనంపుతారు, ఈ సంగతి ఇంకెవరూ ఎత్తకూడదని జడ్జి ఆర్డరు వేస్తాడు, పాత పేరు పాత ఉద్యోగం అన్నీ ఎప్పటిలాగే ఉండిపోతాయి. స్కిన్నర్‌కి గొంతిచ్చే హ్యారీ షియరర్ దాన్ని బాహాటంగానే తప్పుపట్టాడు. రాసిన కెన్ కీలర్ మాత్రం వెనక్కి తగ్గలేదు. ఉన్నది ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టే మనుషుల మీదే ఆ కథ రాశానని ఆయన వాదన. ఈ గొడవంతా నీకు తెలిసే ఉంటుంది, అభిమానులు ఇన్నేళ్లుగా దీని మీద కొట్టుకుంటూనే ఉన్నారు. నువ్వు మాత్రం "పాత్ర పేరు మారింది" అని ఒక వెక్కిరింతతో దాటేశావు.

అందులో తల్లిని చూశావా? ఆగ్నెస్ తన కడుపున పుట్టినవాణ్ణి కాదని, కొడుకు పేరు పెట్టుకుని వచ్చినవాణ్ణే కావాలంటుంది. ఇన్నేళ్లు ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో కీచులాడుకుంటుంటే మనం నవ్వాం. ఇప్పుడు ఆ తల్లికి ఏం తెలుసు, ఎప్పట్నుంచి తెలుసు, కన్నకొడుకు గుమ్మంలో నిలబడితే ఆవిడ లోపల ఏమైంది? అక్కడ ఎంత పెద్ద కథ ఉంది! దాన్ని రాయకుండా జడ్జి ఆర్డరుతో మూత పెట్టేశారు. కీలర్ ఆలోచన మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆవిడకి పడ్డ బాకీ తీర్చలేదు, అందుకే ఆ ఎపిసోడ్ చూసినవాళ్లకి ఇప్పటికీ కడుపుమంట.

9వ నంబరు తీసెయ్. మొదటి సీజన్‌లో సింప్సన్ ఇంటాయన హోమర్, కుటుంబాన్ని బాగుచేసుకోవాలని, కౌన్సెలింగ్ ఫీజు కోసం టీవీని తాకట్టు పెడతాడు. ఆ ఎపిసోడ్‌లోనే అతని భార్య మార్జ్ పార్టీలో తాగి తూలుతుంది. తర్వాతి హోమర్ టీవీని ప్రాణం పోయినా ఇవ్వడు కాబట్టి అది తప్పన్నావు. ఆ మనుషులు ఎవరో రాసేవాళ్లే ఇంకా వెతుక్కుంటున్న రోజులవి. ఆ వెతుకులాటని తప్పుల పట్టీలో వెయ్యకూడదు.

తేదీల గొడవకి నువ్వు ఏకంగా ఏడు నంబర్లు ఖర్చుపెట్టావు. 1991లో వచ్చిన ఎపిసోడ్ ప్రకారం హోమర్, మార్జ్ 1974లో హైస్కూల్లో ప్రేమలో పడ్డారు. 2008లో వచ్చిన మరో ఎపిసోడ్‌లో చూస్తే 1990లలో కూడా వాళ్లకి ఇంకా పెళ్లి కాలేదు, హోమర్ గ్రంజ్ అనే రకం రాక్ పాటల బ్యాండ్ పెట్టి పాటలు పాడుతుంటాడు. వాళ్ల కొడుకు బార్ట్ అప్పటికే పదేళ్లవాడిగా టీవీలో తిరుగుతున్నాడు కదా అని నువ్వు వేసిన లెక్క కరెక్టే. కానీ పిల్లలకి వయసు రాని సిరీస్‌లో సంవత్సరాలు జరుగుతూనే ఉండాలి, తప్పదు. వెనకటి ఎపిసోడ్‌లో మార్జ్ ఇంకో కుర్రాడితో ప్రామ్‌కి, అంటే స్కూలు చివర్లో పెట్టే డాన్సుకి వెళ్లి, వాడి చేష్టలకి విసిగి వెనక్కి వస్తూ, దారిలో ఒంటరిగా నడిచిపోతున్న హోమర్‌ని కారెక్కించుకుంటుంది. ఆమె డ్రెస్సు భుజం పట్టీ తెగి ఉంటుంది. ఆమె కోసం కొనిపెట్టుకున్న పూలగుత్తితో హోమర్ ఆ పట్టీని సరిచేస్తాడు. అభిమానులు 2008 ఎపిసోడ్‌ మీద మండిపడింది సంవత్సరం మారినందుకని అనుకుంటున్నావు నువ్వు. ఆ పూలగుత్తి జరగలేదని చెప్తున్నట్టు అనిపించి మండిపడ్డారు వాళ్లు. నీ వ్యాసంలో పూలగుత్తి మాటే లేదు.

ఇక హోమర్ పక్కింటాయన ఫ్లాండర్స్. 'ఫ్లాండరైజేషన్' అన్న మాట వాడి చేతులు దులుపుకున్నావు. నిజమే, ఒక పాత్రలో ఒక్క గుణాన్నే పెంచిపెంచి మిగతా మనిషిని చంపెయ్యడానికి ఆ పేరు ఈ ఫ్లాండర్స్ వల్లే వచ్చింది. కానీ పేరు పెట్టేసి ఊరుకోవడం ఇప్పటి ఫ్యాషన్, అది నాకు గిట్టదు. చచ్చిన మనిషి ఎవరో చూపించాలి కదా. 1990 నవంబర్ ఎపిసోడ్‌లో ఫ్లాండర్స్ పక్కింటి హోమర్‌ని పిలిచి తన ఇంట్లో బీరు పోస్తాడు. అతని ఇల్లూ, మర్యాదస్తుడైన కొడుకూ చూసి హోమర్ కుళ్లుకుని గొడవపడి వెళ్లిపోతాడు. ఫ్లాండర్స్‌కి ఆ రాత్రి నిద్రపట్టదు, లేచి కూర్చుని హోమర్‌కి ఉత్తరం రాస్తాడు. పొద్దున్నే హోమర్ ఆ ఉత్తరం చదివి పడీపడీ నవ్వుతాడు. దేవుడి మీద భక్తి అప్పుడూ ఉంది, కానీ దాని పక్కన బీరు ఉంది, నిద్రపట్టని రాత్రి ఉంది. ఆ మనిషి నుంచి ఎప్పుడూ బైబిల్ మాటలే మాట్లాడే మనిషి దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది, ఫలానా ఎపిసోడ్‌లో పాడైందని వేలెత్తి చూపించలేం. రాసేవాళ్లకి తొందర, ఆ ఒక్క గుణానికి నవ్వు ఖాయం, అలా వారానికి కాస్త కాస్త అరిగిపోయాడు. మా సీరియల్‌లో కూడా మనుషులు అలాగే అరిగిపోయారు, నా చేతుల్లోనే.

ఈ నంబర్ల పద్ధతి నీకెవరు నేర్పారో నాకు తెలుసు. ఒక వారపత్రిక ఎడిటర్ నా వ్యాసాన్ని, నాతో ఒక్క మాట అనకుండా, ముక్కలు కోసి పది నంబర్లు వేసి అచ్చేశాడు. అడిగితే "జనం ఇలాగే చదువుతారు" అన్నాడు. జనానికి మరోలా ఇచ్చి చూశాడా ఎప్పుడైనా? ఆ సంచిక నేను ఇంట్లో ఉంచుకోలేదు. ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు.

అసలు ఇలాంటి సిరీస్‌లో ప్రతి వారం అంతా మొదటికి రావాలి. మళ్లీ వేసేటప్పుడు ఏ ఎపిసోడ్ ఏ రోజు వేస్తారో తెలియదు కాబట్టి ఏ కథకి ఆ కథ విడిగా నిలబడాలి. అంత మరుపు అవసరమైన చోట కూడా వాళ్లు కొన్నిటిని మర్చిపోలేదు, నన్ను కట్టిపడేసింది అదే. 1995లో బార్ట్ చెల్లి లీసా మాంసం మానేసింది, ఇప్పటికీ ముట్టలేదు. ఆమె అలాగే ఉండిపోవాలన్న షరతు మీదే బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీ ఆ ఎపిసోడ్‌లో గొంతివ్వడానికి ఒప్పుకున్నాడు. 1996 డిసెంబర్‌లో బార్ట్ స్నేహితుడు మిల్‌హౌస్ అమ్మానాన్నలు విడిపోయారు. కామెడీ కదా, అరగంటలో కలిపేస్తారనుకున్నాం. కలపలేదు. ఏళ్ల తరబడి ఆ తండ్రి ఒంటరిగానే తిరిగాడు. 2013 అక్టోబర్‌లో మార్సియా వాలెస్ చనిపోతే, ఆమె గొంతిచ్చిన టీచర్ ఎడ్నా క్రబాపెల్‌కి ఇంకొకరి గొంతు పెట్టలేదు. ఎపిసోడ్ మొదట్లో బార్ట్ నల్లబల్ల మీద ఒకే వాక్యాన్ని బల్ల నిండా రాస్తుంటాడు కదా, ఆ నవంబర్ 3న ఒక్కసారే రాశాడు, మిసెస్ కె, మిమ్మల్ని చాలా మిస్సవుతాం అని. మిగతా బల్లంతా ఖాళీ. నీ నలభైలో ఆ ఖాళీ బల్లకి చోటు దొరకలేదు.

ఇంకో మాట. అభిమానులని వెర్రివాళ్లన్నావు. 1997లో ఆ సిరీస్ వాళ్లే ఒక అభిమానిని చూపించారు. ఆ సిరీస్‌లో పిల్లలు చూసే కార్టూన్‌లో ఎలుక, పిల్లి పక్కటెముకల మీద వాయిస్తూ ఒకే ఎముకని రెండుసార్లు కొడితే రెండు వేర్వేరు శబ్దాలు ఎలా వచ్చాయని అడుగుతాడు. అందరూ నవ్వారు. నేను అలాంటి ఒక్క ప్రేక్షకుడి కోసం నాలుగేళ్లు రాశాను. ఆ కార్డు రాసిన మనిషి కూడా ముందు ఎముకలు లెక్కపెట్టే ఉంటారు. అంత శ్రద్ధగా చూసేవాళ్లకే కుర్చీ కనిపిస్తుంది. ఆ మాట కొట్టెయ్.

డబ్బు ఎంత అడగాలి, ఇంగ్లీషులో కూడా రాయనా అని అడిగావు. వాటికి ఇప్పుడు జవాబు రాయాలని లేదు.

31వ నంబరుకి వస్తున్నాను. 1995 జనవరి ఎపిసోడ్ అది. హోమర్ అప్పులన్నీ తీర్చేసి, అణువిద్యుత్ కేంద్రంలో ఉద్యోగం మానేసి, తనకి ఇష్టమైన బౌలింగ్ హాల్లో చేరతాడు. అంతలో మార్జ్‌కి మూడో కాన్పు. జీతం చాలదు, మళ్లీ వెళ్లి బర్న్స్ కాళ్లు పట్టుకుంటాడు. నువ్వు ఎప్పటికీ ఇక్కడే ఉంటావు, మర్చిపోకు అని రాసిన పలకని బర్న్స్ అతని ఎదురుగా బిగించేస్తాడు. ఇంట్లో అప్పుడు పుట్టిన మ్యాగీ ఫోటోలు ఒక్కటీ లేవెందుకని పిల్లలు అడిగితే, నాకు అవసరమైన చోట ఉన్నాయంటాడు హోమర్. అవన్నీ ఆ పలక మీద అంటించి ఉంటాయి. ఫోటోలు కప్పెయ్యగా మిగిలిన అక్షరాలు కలిపి చదివితే, ఆ పాప కోసం చెయ్యి అని వస్తుంది.

దీని కింద నువ్వు రాసింది ఇది: "తర్వాత చాలా ఎపిసోడ్లలో ఆ ఫోటోలు కనిపించవు. ఎవరు తీసేశారో." వెక్కిరింత పెట్టడం మర్చిపోయావు అక్కడ. నలభైలో ఆ ఒక్కదానికే లేదు. అది రాసేటప్పుడు నీకేదో అయ్యింది, నువ్వు గమనించుకోకుండా 32కి వెళ్లిపోయావు.

నంబర్లన్నీ తీసేసి ఆ రెండు వాక్యాలతో మొదలుపెట్టు. స్మిదర్స్‌ని ఒక్క లైన్లో కానిచ్చెయ్, లేదా వదిలెయ్. ఆగ్నెస్‌కి రెండు పేజీలివ్వు. ఎన్ని పేజీలైనా ఫర్వాలేదు, అయ్యాక నాకే పంపు.

మీ అన్నయ్య